వెనక పిలుపు

పడవకు భుజాలు ఆనించగానే ఒడ్డున మాటలు ఆగిపోయాయి.

ఖాళీ గంపలతో నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు నోళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. ఎనిమిది మంది మగవాళ్ళు మెడలు వంచి, మడమలు ఇసుకలో దిగేసి, పడవను నీళ్ళలోకి నెడుతున్నారు. పడవ మూతి నీటికి తగిలినప్పటి నుంచి మూడో కెరటం దాటేదాకా ఒడ్డు మీద గొంతు లేవకూడదు. వేటకు పోయేవాణ్ణి వెనక నుంచి పిలిస్తే ఆ పిలుపు సముద్రం కూడా వింటుందని జువ్వలదిన్నెలో ప్రతి ఇంటికీ తెలుసు. ఒడ్డునే కాదు, ఇళ్ళలోనూ అంతే. ఎవరితోనైనా పని ఉంటే చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, చెయ్యి తాకి చెప్పాలి. నడక వచ్చిన బిడ్డకు మొదట నేర్పేది అదే. అయినా పిల్లకాయల నోళ్ళను నమ్మలేరు. పడవ నీళ్ళలోకి దిగే వేళకు వాళ్ళను గుడిసెల్లోనే ఆపేస్తారు.

చెంచిని మాత్రం ఆపరు.

నాలుగున్నరేళ్ళ చెంచి తడి ఇసుక అంచున, రోజూ నిలబడే చోటే నిలబడింది. నుదుటి మీద జేజి పెట్టిన దిష్టిచుక్క పెసరగింజంత ఉంది. అరచెయ్యి పైకెత్తి పట్టుకుంది. పడవ ఎక్కబోయే ముందు ఒక్కొక్క మగవాడూ ఆ చేతి వైపు చూసి ఎక్కాడు. పడవ పెద్ద పోలేరయ్య ముందు చూశాడు. చెంచి తండ్రి చిన్నపోలయ్య అందరికన్నా చివర చూశాడు. అప్పుడు చెంచి నోరు పెద్దగా తెరిచి మూసింది. మళ్ళీ తెరిచి మూసింది. శబ్దం లేదు.

మూడో కెరటం దాటింది. కొంగులు దిగాయి. మాటలన్నీ ఒక్కసారే మొదలయ్యాయి.

"నా మనవరాలి నోట్లో ముత్యాలుండాయిలే. అందుకే దాచిపెట్టుకోనుండాది," అంది చిన్నపోలయ్య తల్లి ముసలమ్మ.

"మా ఇంట్లో ఒక వాగుడుకాయ ఉండాది. మార్చుకుందామా అత్తా?" అంది పక్కింటి మస్తానమ్మ.

"ఎవురు, నీ కూతురా?"

"కూతురు గాదు. ఇప్పుడు పడవెక్కినోడు."

అందరూ నవ్వారు. చెంచి వాళ్ళ ముఖాలు చూసి, తనూ నవ్వింది.

తల్లి పెంచలమ్మకు నవ్వు రాలేదు. పోయిన కార్తీకంలో ఒకనాడు చెంచి గుడిసెలోంచి జారుకుని వచ్చి ఒడ్డున నిలబడింది. ఎవరో చెయ్యెత్తితే తనూ ఎత్తింది, నోరు మెదపలేదు. ఆ రోజు పడవ నిండా వంజరం చేపలు పడ్డాయి. వెనక పిలవని బిడ్డ అన్నాడు పోలేరయ్య. అప్పటి నుంచి బావి దగ్గర ఆడవాళ్ళు పెంచలమ్మకు దారి ఇస్తున్నారు. ఒక్క ఆడపిల్లతో ఆగిపోయిందని అత్త సాధించడం మానేసింది. వేట పంచుకునేటప్పుడు మొదటి చేప చెంచి చేతికే ఇస్తున్నారు. పెంచలమ్మకు అది బాగుండేది. ఏడాది పాటు బాగుండేది. అదే ఇప్పుడు గొంతులో ముల్లులా ఉంది.

ఆమెకు తెలుసు. చెంచి వెనకాల ఒకసారి అంబలి కుండ పగిలింది. ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారు. చెంచి గవ్వలు పేర్చుకుంటూనే ఉంది. ఎంత నిమ్మళమైన బిడ్డ అనుకుంది పెంచలమ్మ. అలా అనుకోవడానికి ముందు ఒక్క క్షణం ఉంది. ఆ క్షణంలో ఆమెకు అంతా తెలుసు. ఆ తర్వాత ఆమె చేసిందల్లా దాని మీద ఇసుక పొయ్యడమే. మాట వస్తుందని వస కొమ్ము అరగదీసి తేనెలో నాకించింది. మంత్రం వేసే జైతూన్‌బీ దగ్గర తాయెత్తు కట్టించింది. ఆ పనులు చేస్తున్నంతసేపూ తెలిసిన దాని వైపు చూడనక్కర్లేకపోయింది.

ఇసుకంతా తవ్వి బయట పెట్టింది రెబెక్కమ్మ. బిట్రగుంట నుంచి మశూచి టీకాలు వెయ్యడానికి పోయిన వారం వచ్చిన నర్సమ్మ. వరసలో ముందున్న పిల్ల ఏడిస్తే వెనకున్న పిల్లకాయలందరూ అందుకున్నారు. చెంచి ఒక్కతే తల పక్కకు వంచి, వాళ్ళ తెరిచిన నోళ్ళను వింతగా చూస్తూ నిలబడింది. రెబెక్కమ్మ టీకా సూది పక్కన పెట్టి చెంచి చెవి వెనక రెండు చేతులూ చరిచింది. మళ్ళీ చరిచింది. తర్వాత పెంచలమ్మ ముఖం చూసింది.

"వచ్చే గురువారం నేను మందు తెచ్చేదానికి నెల్లూరు పోతుండా. బిడ్డను ఎత్తుకోని స్టేషనుకు రా," అంది.

ఆ గురువారం రేపనగా, సాయంత్రం పడవ తిరిగి వచ్చింది. చిన్నపోలయ్య కాళ్ళు కడుక్కుంటుంటే పెంచలమ్మ చుట్టూ తిరిగి ముందుకు వెళ్ళి నిలబడింది.

"రేపు నెల్లూరు పోవాల."

"ఎందుకు?"

"చెంచికి."

చిన్నపోలయ్య కాళ్ళ వేళ్ళ సందుల్లో ఇసుక తియ్యడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క వేలూ విడదీసి తీశాడు. "మాట వస్తాదిలేమే. మా చిన్నాయనకు ఏడేళ్ళకు వచ్చింది. ఇప్పుడు ఊరికే ఉండమంటే ఉంటాడా?"

"చూపిస్తే పోయేదేముండాది?"

"వేట బాగుండాది. బిడ్డను ఒడ్డు దాటిస్తే పోలేరయ్యన్న ఏమంటాడు?"

"రేపు వేట లేదు గదా. వలలకు చెక్కరసం పట్టించే రోజు. పొద్దుగూకేలోపల వచ్చేస్తా."

చెంచి పరుగున వచ్చి అతని మోకాలు పట్టుకుంది. ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుని సముద్రం వైపు నడిచాడు. పొమ్మన్నట్టే అనుకుంది పెంచలమ్మ.

తెల్లవారుతూనే నీళ్ళ అంచున పెద్ద రాగి కాగుల కింద మంటలు వేశారు. వలలు చివకకుండా రసం పట్టించే చెట్టు బెరడు ఉడికే వాసన కాలవ దాకా వచ్చింది. పడవలో బకింగ్‌హాం కాలవ దాటి, బిడ్డను చంకన వేసుకుని బిట్రగుంట దాకా నడిచింది పెంచలమ్మ. స్టేషనులో ఇంజను ఆవిరి వదిలితే పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. చెంచి ఆ తెల్లటి పొగను పట్టుకోవడానికి రెండు చేతులూ చాచింది.

రైలు పెన్న వంతెన ఎక్కింది. పెట్టె అంతా ఒకటే మోత. రెబెక్కమ్మ ఏదో అంటే పెంచలమ్మకు వినబడలేదు. ఎదురుగా ఒకావిడ ఒళ్ళో పసిబిడ్డ లేచి ఏడ్చింది. చెంచి కిటికీ ఊచకు అరచెయ్యి ఆనించింది. ఊచ అదురుతోంది. అది చేతిలోకి వస్తుంటే కళ్ళు పెద్దవి చేసి తల్లి వైపు తిరిగింది. తల్లి చెయ్యి కూడా లాగి ఊచ మీద పెట్టింది. ఇద్దరి చేతులూ కలిసి అదిరాయి. ఇంత సంతోషం తన బిడ్డకు ఎక్కడి నుంచి వస్తోందో పెంచలమ్మకు మొదటిసారి అర్థమైంది. అర్థమయ్యాక బిడ్డ ముఖం వైపు చూడలేకపోయింది.

చెవుల డాక్టరు విజయభాస్కర్ చిన్నవాడు. గదిలో ఒక బల్ల, దాని మీద ఇత్తడి గంట, రేకు పళ్ళెం, ఇనప కడ్డీలు ఉన్నాయి. చెంచి చేతికి గాజు గుండు ఇచ్చి ఆడుకోనిచ్చాడు. వెనక్కి వెళ్ళి గంట కొట్టాడు. తర్వాత పళ్ళెం మీద చెంచాతో బాదాడు. బయట బెంచీ మీద కూర్చున్న ముసలాయన తలుపులోంచి తొంగి చూశాడు. చెంచి గాజు గుండులో తన వేలు లావుగా కనబడుతుంటే అటూ ఇటూ తిప్పుకుంటోంది.

డాక్టరు పళ్ళెం బల్ల మీద పెట్టాడు. "ఇంట్లో పిలిస్తే తిరిగి చూస్తుందామ్మా?"

"ముందుకొచ్చి చెయ్యి తాకితే చూస్తాదయ్యా."

"అది కాదు. వెనక నుంచి పిలిస్తే?"

"మా ఊళ్ళో వెనక నుంచి పిలవరయ్యా."

"ఎప్పుడూ?"

"పిలవకూడదు."

డాక్టరు కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. రెబెక్కమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"నాలుగున్నరేళ్ళు," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "ఏడాదిన్నరకే తెలియాల్సింది." ఆ మాట పెంచలమ్మ మీదే పడింది. అతను వెంటనే గొంతు తగ్గించాడు. "చూడమ్మా, గొంతులో దోషం లేదు. నాలుక బాగుంది. చెవిలో నరం పుట్టుకతోనే పనిచెయ్యలేదు. మాట ఎట్లా ఉంటుందో వినని బిడ్డ మాట ఎట్లా అంటుంది?"

"మందు?"

"లేదు."

"ఆపరేషను?"

"లేదమ్మా."

అతను గాజు గుండు తీసుకోబోయాడు. చెంచి ఇవ్వలేదు. ఉండనివ్వమన్నట్టు చెయ్యి ఊపి, సొరుగులోంచి కాగితం తీశాడు. మదరాసులో ఇలాంటి పిల్లల కోసం బడి ఉందనీ, అక్కడే ఉంచుకుంటారనీ చెప్పాడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట తెలుసుకోవడం నేర్పుతారు. కొందరికి నాలుగు మాటలు అనడం కూడా వస్తుంది. అయిదేళ్ళు నిండేలోపు చేరిస్తేనే మేలు. తండ్రి ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి.

"ఎన్నాళ్ళు పెట్టుకుంటారయ్యా?"

"పదేళ్ళు అనుకో. సెలవులకు ఇంటికి వస్తుంది."

"ఆ నాలుగు మాటలు... అమ్మ అంటాదా?"

డాక్టరు కాగితం ఆమె ముందుకు జరిపాడు. "అనొచ్చు. అంటుందని చెప్పలేను," అన్నాడు.

అబద్ధం చెప్పనందుకు పెంచలమ్మకు అతని మీద కోపం వచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కొయ్యల మీద వలలు ఎర్రగా ఆరుతున్నాయి. చిన్నపోలయ్య చేతులు మోచేతుల దాకా ఎర్రబారి ఉన్నాయి. పెంచలమ్మ పొయ్యి వెలిగించకముందే అంతా చెప్పేసింది. ముసలమ్మ మూలన కూర్చుని విన్నది.

"చెవుడేందిమే?" అన్నాడు చిన్నపోలయ్య. "నేను పడవ దిగితే నాకన్నా ముందు పరిగెత్తుకొస్తాది. నవ్వుతాది."

"కళ్ళతో వస్తాది. కళ్ళతో నవ్వుతాది."

"నెల్లూరోళ్ళు పళ్ళెం కొడితే బెదిరిపోయుంటాది."

"బెదిరితే గదా నాకు ఆశ ఉండేది."

"మదరాసంట," అంది ముసలమ్మ. "కడుపున పుట్టినదాన్ని పదేళ్ళు ఊరు గాని ఊళ్ళో పారేసి, నువ్వు ఈడ అన్నం తింటావా?"

పెంచలమ్మ కాగితం భర్త ముందు పెట్టింది. అతను చెక్కరసం మరకల చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు గాని కాగితం ముట్టుకోలేదు. "ముద్ర వెయ్యను. వేట కాలం అయిపోనీ. అప్పుడు చూద్దాం," అన్నాడు. చూద్దాం అనే మాట అతను ఎప్పుడు వాడతాడో ఆరేళ్ళ కాపురంలో ఆమెకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున మళ్ళీ పడవకు భుజాలు ఆనించారు. చెంచి తన చోట నిలబడి అరచెయ్యి ఎత్తింది. ఆడవాళ్ళు కొంగులు నోళ్ళకు పెట్టుకున్నారు. పెంచలమ్మ కూడా పెట్టుకుంది. పడవ మూతి నీళ్ళకు తగిలింది. చెంచికి పది అడుగుల వెనక తను ఉంది. ఇంకో పది అడుగుల ముందు మగవాళ్ళ వీపులు ఉన్నాయి. ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంగా మళ్ళీ ఎప్పుడూ దొరకదు అనిపించింది. చెయ్యాలని నిశ్చయించుకున్నట్టు ఆమెకు తెలియలేదు. కొంగు తీసిన తర్వాతే తెలిసింది.

"చెంచీ!"

ఎనిమిది తలలూ తిరిగాయి. ఆడవాళ్ళ తలలూ తిరిగాయి. గుడిసె నీడన పడుకున్న కుక్క లేచి నిలబడింది. ఎవరిని పిలిచిందో ఆ బిడ్డ ఒక్కతే సముద్రం వైపు చూస్తూ చెయ్యెత్తి నిలబడి ఉంది.

"చెంచీ! అమ్మా, చెంచీ!"

పడవ నెట్టడం ఆగిపోయింది. ఒక కెరటం వచ్చి దాన్ని అడ్డంగా తిప్పింది. చిన్నపోలయ్య మోకాలి లోతు నీళ్ళలోంచి బయటికి నడిచి వచ్చాడు. అతని చెయ్యి పైకి లేచే ఉంది. పెంచలమ్మ ముఖం తిప్పుకోలేదు.

"కొట్టు," అంది. "కొట్టే ముందు ఒకసారి నువ్వు పిలువు."

అతని చెయ్యి అలాగే ఆగింది. తర్వాత చెంచి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచి ఎవరినీ అలా పిలవని మనిషి.

"చెంచీ," అన్నాడు. మొదట మెల్లగా. తర్వాత ఇంకొంచెం గట్టిగా. తర్వాత తుఫాను గాలిలో తెరచాప దించమని అరిచే గొంతుతో. ఆ కేక ఒడ్డు పొడుగునా పోయింది. చెంచి కుడికాలి బొటనవేలితో ఇసుకలో ఎండ్రకాయ బొరియ పూడుస్తోంది.

ఒక అడుగు వేస్తే అతని తడి కాలు ఇసుక మీద ఆమె పక్కన పడింది. అది చూసి తిరిగింది. తండ్రి నోరు తెరిచి ఉంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. చెంచి సంబరంగా ముఖమెత్తి, తనూ నోరు పెద్దగా తెరిచి మూసింది. మళ్ళీ తెరిచి మూసింది. అతనికి బదులు చెబుతోంది.

చిన్నపోలయ్య ఇసుకలో కూలబడ్డాడు.

పోలేరయ్య వచ్చి చెంచిని కాసేపు చూశాడు. తిడతాడని అందరూ ఎదురుచూశారు. అతను వంగి, సముద్రపు నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. ముఖం కడుక్కున్నాడు. కళ్ళు ప్రత్యేకంగా రెండుసార్లు కడుక్కున్నాడు.

"పిలవని బిడ్డ అనుకుంటిమి," అన్నాడు. "అవిటి బిడ్డ. ఏడాది పొడుగునా అవిటి మొకం చూసి వేటకు పోతిమి."

"వేట పడింది గదన్నా," అంది మస్తానమ్మ.

"పడిందా? మనతో పడవెక్కే పెంచలయ్య వేలు తాడులో పడి తెగింది ఎప్పుడు? ఫిషరీసువాళ్ళు ఇచ్చిన కొత్త నైలాను వల నడిమికి చిరిగింది ఎప్పుడు? ఈ ఏడాదిలోనే గదా?"

ఒక్కొక్కరికీ ఆ ఏడాదిలో జరిగినవి గుర్తుకు రావడం పెంచలమ్మకు వాళ్ళ ముఖాల మీద కనబడింది. ఒకామెకు చనిపోయిన మేక గుర్తుకొచ్చి ఉంటుంది. ఇంకొకామెకు నిలవని కడుపు. అందరూ కొంచెం కొంచెంగా చెంచికి దూరం జరిగారు.

"అన్నా, నా బిడ్డ ఏం చేసింది?" అంది పెంచలమ్మ.

"ఏం చెయ్యలేదు తల్లీ. నేనేమన్నా అంటినా?" పోలేరయ్య గొంతు మెత్తగానే ఉంది. "ఏందో బడి ఉండాదంట గదా మదరాసులో. పంపించరా చిన్నపోలా. బిడ్డ బాగుపడతాది. వచ్చే వారమే పంపించు. అందాకా ఒడ్డుకు రానీబాకండి."

పడవను మళ్ళీ మెరక మీదికి లాగారు. ఆ రోజు వేట లేదు.

మధ్యాహ్నం చిన్నపోలయ్య లేచి తనంతట తనే కాగితం అడిగాడు. సిరా లేదు. ముసలమ్మ దిష్టిచుక్కల కోసం పెట్టుకున్న మసి చిప్ప తెచ్చి, రెండు బొట్లు ఆముదం వేసి రంగరించింది. అతను బొటనవేలు ముంచి, డాక్టరు ఇంటూ గుర్తు పెట్టిన చోట నొక్కాడు. చెంచి పక్కనే కూర్చుని చూసింది. జేజి ముందుకు నుదురు చాచింది. ముసలమ్మ చిప్ప మీద మూత పెట్టి, లోపలికి పట్టుకుపోయింది.

కాగితం ఆరేదాకా పెంచలమ్మ పట్టుకుని కూర్చుంది. ఆమెకు కావలసింది దొరికింది. నిన్న ఇదే ముద్ర పడి ఉంటే బిడ్డను బడికి పంపుతున్నాననుకునేది. ఇప్పుడు పంపేది ఎవరో, వదిలించుకునేది ఎవరో విడదీసి చూడడం ఆమె వల్ల కాలేదు. బిడ్డకు వినబడదని ఊరికి తెలియాలనుకుంది. వినబడని బిడ్డను ఊరు ఏం చేస్తుందో అనుకోలేదు. లేక అదీ తెలుసా? అంబలి కుండ పగిలిన ఆ క్షణంలోనే అదీ తెలిసే, ఏడాది పాటు ఇసుక పోసిందా?

తర్వాత రోజు తెల్లవారుజామున ఆమె లేచేసరికి పక్కన చెంచి లేదు.

పెంచలమ్మ ఒడ్డుకు వచ్చేటప్పటికి పడవ మూతి నీళ్ళకు తగులుతోంది. ఆడవాళ్ళ నోళ్ళకు కొంగులున్నాయి. చెంచి తన చోట నిలబడి, అరచెయ్యి ఎత్తి ఉంది. తీసుకుపొమ్మని ఎవరికైనా చెబుదామంటే గొంతు లేవకూడదు. దగ్గరికి వెళ్ళి పక్కకు లాగుదామంటే ఎవరికీ ముట్టుకోబుద్ధి కాలేదు. మగవాళ్ళు ఒక్కొక్కరే పడవ ఎక్కారు. పోలేరయ్య ఆకాశం చూస్తూ ఎక్కాడు. పెంచలయ్య వేలు లేని చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని ఎక్కాడు. చెంచి ఒక్కొక్కరి కోసమూ చెయ్యి కొంచెం పైకి జరిపింది. చివర చిన్నపోలయ్య మిగిలాడు. అతను పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. అతని మెడ నరాలు బిగిసి ఉండడం పెంచలమ్మకు దూరం నుంచే కనబడింది. వెనక్కి తిరగకుండానే ఎక్కి తెడ్డు అందుకున్నాడు.

చెంచి నోరు తెరిచి మూసింది. తండ్రి చూడలేదేమోనని ఇంకా పెద్దగా తెరిచింది. రెండో చెయ్యి కూడా పైకెత్తింది.

పెంచలమ్మ వెనక నుంచి వెళ్ళి బిడ్డను ఎత్తుకోలేదు. చుట్టూ తిరిగి, నీళ్ళలో దిగి, ముందుకు వచ్చి నిలబడింది. కెరటం ఆమె చీరను మోకాళ్ళ దాకా తడిపింది. చెంచి ముఖంలోకి చూసి, ఇంటికి పోదామని చేత్తో చెప్పింది.

చెంచి తల్లి నడుము మీద చెయ్యి వేసి మెల్లగా పక్కకు నెట్టింది. అమ్మ అడ్డంగా ఉంది. పడవ కనబడడం లేదు.